నీటికాయ

బల్ల చల్లగా ఉంది. సరిగ్గా మనిషి ఒంటికి సరిపోయేంత వెడల్పు, అంతే. చేతులు జారిపోకుండా సలోమి సిస్టరు రెండు పక్కలా గుడ్డలు దోపింది గానీ దిండు మాత్రం ఇవ్వలేదు. సూదికీ గొట్టానికీ పడని భయం నాకు ఈ దిండు దగ్గరే పట్టుకుంది. ఈమధ్యంతా మూడు దిళ్ళు పేర్చుకుని సగం కూర్చుని సగం పడుకుని కునుకు తీస్తున్నదాన్ని, వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఆడుతుందా అని నిన్నంతా ఒకటే బెంగ. ఒంట్లో నీరు లాగెయ్యడానికి మూడు రోజులుగా బిళ్ళలిచ్చేరు కదా పిన్నిగారూ, పడుకోగలరు లెండి, అంది సలోమి. పడుకున్నాను. ఆడుతోంది, చాలీచాలకుండా, అయినా ఆడుతోంది. ఈ హైదరాబాదులో, ఇంత పెద్ద ఆసుపత్రిలో, నా పక్కన నిలబడ్డ పిల్లది రాజోలు కావడం ఎంత అదృష్టం. నిన్న నా చీటీ మీద పెద్దింట్లమ్మ అన్న పేరు చూడగానే, మీది మా వైపేనాండి అని అడిగింది. ఆయ్, అంబాజీపేట అన్నాను. అప్పటి నుంచీ నేను మంచం నంబరు పద్నాలుగు కాదు, పిన్నిగారిని.

డాక్టరు రాజేంద్రప్రసాద్ గారు నిన్న సాయంత్రం మంచం దగ్గర నిలబడి చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. గుండెలో పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల తలుపు ఒకటి ఉందట. చిన్నప్పటి కీళ్ళ జ్వరానికి ఆ రెక్కలు అంచుల దగ్గర అతుక్కుపోయాయి. ఇరవై మూడేళ్ళ కిందట రాయవెల్లూరులో పక్కటెముకల మధ్య కోసి విడదీశారు. ఇన్నేళ్ళూ బాగానే పనిచేసి, ఇప్పుడు మళ్ళీ అతుక్కున్నాయి. ఈసారి రొమ్ము కొయ్యకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపించి, దాని చివరనున్న బుడగని తలుపు మధ్యలో ఊది విడదీస్తారు. అంచు వెంబడి విడితే సరే. కానీ ఒకసారి చెయ్యి పడిన తలుపు, గట్టిపడిపోయి ఉంది, విడాల్సిన చోట కాక ఇంకోచోట చిరిగిందంటే వెంటనే రొమ్ము కోసి కొత్త తలుపు పెట్టాలి. అందుకు కూడా ముందే సంతకం కావాలన్నారు. మా ఆయన అమ్మిరాజు గారు గుండ్రంగా, ఒక్కో అక్షరానికీ ఆగుతూ సంతకం పెట్టారు. రెండో కోత నా వల్ల కాదని ఆయనకి చెప్పలేదు. ఈ ఉదయం సలోమికి మాత్రం చెప్పాను. అలా అనకండి, అంది. అననులే అన్నాను, కానీ అనుకుంటూనే ఉన్నాను. ఆ మొదటి కోత తర్వాత దగ్గినప్పుడల్లా ఎడమ పక్క రెండుగా విడిపోతున్నట్టుండేది. నలభై రోజులకి ఇంటికొస్తే ఆరు నెలల నా కూతురు సత్యప్రియ నన్ను చూసి ఏడ్చి మా అత్తగారి చెంగులో దూరింది. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఆ గుమ్మంలోనే నిలబడి ఏడ్చాను.

తొడ మొదట్లో మత్తు సూది గుచ్చారు. మంట, తర్వాత మొద్దు. ఏదో జరుగుతోందని తెలుస్తోంది, ఎవరో అరచెయ్యి ఆనించి నొక్కినట్టు. అందరూ బరువైన సీసం కోట్లు తొడుక్కుని అటూ ఇటూ తిరుగుతున్నారు. పక్కన నల్లటి తెర మీద పక్కటెముకలు కనిపిస్తున్నాయి, అవి నావేనట. మెలకువగా ఉండాలి అన్నారు డాక్టరుగారు. ఆయన అనకపోయినా ఉంటాను. మొదటిసారి నన్నేమీ చూడనివ్వలేదు, మూతి మీద ఏదో పెట్టారు, లేచేసరికి అయిపోయింది. ఆ రాయవెల్లూరు డాక్టరుకి తెలుగు రాదు. మూడో రోజున వచ్చి నవ్వుతూ కుడిచేతి చూపుడువేలు ఎత్తి చూపించి ఏదో అన్నాడు. పక్కనున్న ఆయా తెలుగు చేసి చెప్పింది, ఈ వేలు లోపలికి పెట్టే నీ గుండె తలుపు తీశారమ్మా అని. ఆ వేలి వంక చూశాను. మామూలు వేలే. గోరు బాగా పొట్టిగా తీసుకున్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. కట్టుకున్నవాడు కూడా చూడని చోట పరాయి మగాడి వేలు. ఇంటికొచ్చాక దాచుకోలేక ఈయనకి చెప్పేశాను. ఈయన చాలాసేపు ఆలోచించి, లోపల ఏముందో చెప్పేరా మరి, అని అడిగారు. చీకటిగా ఉందటండి అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అడిగారు, నిజంగానే అలా అన్నాడా అని. ఇప్పటికీ ఎవరైనా వేలు చూపించి మాట్లాడితే నా ఎడమ పక్క ఒకసారి ఉలిక్కిపడుతుంది.

ఈసారి వేలు కూడా కాదు, బుడగ. బుడగలు నాకు కొత్తా. ఎనిమిదేళ్ళప్పుడు అంతర్వేది తీర్థానికి తీసుకెళ్ళి నాన్న ఎర్ర బుడగ కొనిచ్చాడు. గోదారి వచ్చి సముద్రంలో కలిసే చోట నీళ్ళు రెండు రంగుల్లో ఉంటాయని ఎవరో అంటే ఆ గీత ఎక్కడుందో చూద్దామని బుడగ పట్టుకుని మోకాళ్ళ లోతు దాకా దిగిపోయాను. గీత కనబడలేదు. గాలికి బుడగ ఎగిరిపోతే దాని వెనకాల పరిగెత్తి నిలువునా తడిశాను. నెల తిరక్కుండా జ్వరం. ఇవాళ మోకాలు వాస్తే రేపు అది తగ్గి మోచెయ్యి వాచేది. సముద్రపు గాలి సోకిందని, ఆ బుడగే పిల్లని నీళ్ళలోకి లాక్కుపోయిందని, బతికున్నన్నాళ్ళూ అమ్మ ఆ బుడగలమ్మేవాణ్ణి తిట్టింది. గొంతు నొప్పితో మొదలై కీళ్ళకి, కీళ్ళ నుంచి గుండెకి పాకే జబ్బు అది, బుడగకీ దానికీ ఏ సంబంధం లేదని అమలాపురం డాక్టరు చెప్పేసరికి అమ్మ లేదు. ఆ అమ్మే ఇప్పుడు ఈ అద్దాల గదిలోకి వచ్చి, మళ్ళీ బుడగేనా అని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడితే ఎలా ఉంటుంది. నవ్వొచ్చింది. ఏమిటమ్మా నవ్వుతున్నారు, అన్నారు డాక్టరుగారు తెర మీద నుంచి చూపు తిప్పకుండా. బుడగకీ నాకూ పాత పరిచయం అండి అన్నాను. మంచిదే, అన్నారు. ఆయన చెయ్యి ఆగలేదు.

గుండెలో ఏదో గుచ్చుకున్నట్టయి పోయింది. గొట్టం ఒక గదిలోంచి రెండో గదిలోకి వెళ్ళిందట. నా లోపల ఎన్ని గదులో. మా ఇంట్లో ఉన్నవే మూడు, పైన అటక. నా ప్రాణమంతా ఆ అటక మీదే ఉంది. తొక్కతో ఉన్న ముదురు కొబ్బరికాయల్ని అటక మీద పేర్చి, కింది నుంచి పొయ్యి పొగ తగులుతుండగా ఏడాది పాటు వదిలేస్తే లోపలి నీళ్ళు మెల్లమెల్లగా ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి బంతిలా విడిగా దొర్లుతుంది. అదే కురిడీ. నీళ్ళు ఇంకకముందే పగలగొట్టామా, కొబ్బరి చిప్పని పట్టుకుని వదలదు, ముక్కలైపోతుంది. ఎప్పుడు దింపాలో కాయని చూస్తే తెలీదు, చెవి పెట్టి వినాలి. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు సుబ్బాయమ్మ గారు నన్ను అటకెక్కించి చేతిలో కాయ పెట్టారు. ఊపి చూపించాను. అలా వాయించేస్తావేంటే అమ్మాయ్, మెల్లగా అడుగు, అదే చెబుద్ది, అన్నారు. నెల రోజులు అడిగాను. ఒక పొద్దుట చెప్పింది. నీళ్ళు బాగా ఉన్న కాయ నిండుగా పలుకుతుంది. నీళ్ళు కొంచెమే మిగిలినది మోసం చేస్తుంది, ఎండినట్టే ఉండి చివర్లో చిన్నగా గులకరిస్తుంది, అది నీటికాయ. దాన్ని పట్టుకోవాలి. అత్తగారు పోయాక మా వీధిలో ఆ చెవి నాకే ఉంది.

మా ఆయనకి లేదు. మనిషి బంగారం, చెవి మాత్రం తవుడు. పైగా తొందరొకటి. తొమ్మిదో నెల వచ్చేసరికి నిచ్చెన వేసేస్తారు. ఎండిపోయినియ్యే, దింపేద్దాం, అంటారు. ఇంకా ఉంచాలండి అంటాను. ఎన్నాళ్ళే, ఇయ్యేవన్నా మన పిల్లలా, అంటారు. ముప్పై ఏళ్ళు కావస్తోంది, ఏడాదికోసారి ఇదే మాట, ఇదే జవాబు. నేను సత్యప్రియకి పురుడు పొయ్యడానికని కొత్తపేటలో దాని అత్తవారింటికి వెళ్ళిన ఏడు అడ్డు చెప్పేవాళ్ళు లేక మొత్తం దింపించి కొట్టించేశారు. సగం కాయల్లోంచి నీళ్ళు చిమ్మాయట. నేను తిరిగొచ్చేసరికి ఏ ఇంట చూసినా కొబ్బరి పచ్చడే. ఏంటండీ ఇది అంటే, మనవరాలు పుట్టింది కదా అని పంచేనే, అన్నారు మొహం చూపించకుండా. కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా రాలేదు.

రెండేళ్ళ కిందట వచ్చిన పెద్ద తుపానుకి మా తోటలో చెట్లు చాలా మటుకు మొవ్వులు విరిగిపోయాయి. అటక మీద కాయని అప్పట్నుంచి ఇంకా అపురూపంగా చూసుకోవాల్సి వచ్చింది. సరిగ్గా ఆ తర్వాతి ఏడే ఒక పొద్దుట నిచ్చెన నాలుగో మెట్టు మీద ఊపిరందక ఆగిపోయాను. ఎందుకు ఆగానో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. రాయవెల్లూరు ముందు రోజులు గుర్తున్నదాన్ని, ఆ ఆయాసాన్ని పోల్చుకోలేనా. భయమేసింది. భయమని చెప్పడం చేతకాక, మోకాళ్ళు పట్టేశాయండి, అన్నాను. పాపం నమ్మేశారు. కొబ్బరి నూనెలో కర్పూరం వేసి కాచుకొచ్చి, రోజూ సందె వేళ వీధి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, కింది మెట్టు మీద తను కూర్చుని, నా కాలు ఒళ్ళో పెట్టుకుని మోకాలు రుద్దేవారు. వీధిలో పోయే బుల్లబ్బాయి సైకిలాపి, ఏం బావగారూ, ఉద్యోగం పర్మినెంటయ్యిందా, అనేవాడు. ఆయ్, పింఛను కూడా ఇస్తారంట, అనేవారు ఈయన. ఏ నొప్పీ లేని మోకాళ్ళు. అంత మెత్తటి చేతులని ముప్పై ఏళ్ళు ఎందుకు తెలుసుకోలేదో నేను. నిజం చెప్పేస్తే మర్నాడు ఆసుపత్రి, పైగా ఆ సందె వేళలు ఆగిపోతాయి. రేపు చెబుదాం, రేపు చెబుదాం అని ఏడాది తిప్పాను. ఇలా ప్రాణం మీదికి తెచ్చుకున్నది ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో. అయినా ఆ ఏడాదంత సుఖంగా నేనెప్పుడూ లేను, ఈ బల్ల మీద పడుకుని అబద్ధం ఎందుకు.

నిచ్చెన ఎక్కలేను కాబట్టి కాయలే కిందికొచ్చేవి. ఆయన బుట్టతో దింపడం, నేను కూర్చుని చెవి దగ్గర పెట్టుకోవడం, ఇది పక్కన పెట్టండి, ఇది మళ్ళీ పైకి. ఒక మధ్యాహ్నం, ఆషాఢంలో, బయట వాన పడుతోంది. సగం బుట్ట అయ్యేసరికి దగ్గు తెర అందుకుంది. ఆగదు. ఊపిరి లోపలికి పోదు. చేతిలో కాయ దొర్లిపోయింది, నేను బుట్ట మీదికి వాలిపోయాను. ఆయన వచ్చి వెనక నుంచి పట్టుకున్నారు. వీపు రుద్దారు. రుద్దుతున్న చెయ్యి ఆగింది. రెండు రెక్కల మధ్య ఆయన చెవి ఆనింది, గడ్డం గుచ్చుకుంది. అలాగే ఉండిపోయారు. ముప్పై ఏళ్ళుగా వెయ్యిసార్లు చెప్పాను, ఊపకండి, చెవి పెట్టి వినండి అని. ఆ రోజు విన్నారు. ఏమే, ఇందులో నీళ్ళున్నాయే, అన్నారు. నీటికాయలా పలుకుతుంది నీ వీపు. ఊపిరందక చస్తూ కూడా నవ్వబోయాను. ఆ చెవి తవుడు కాదన్నమాట. మర్నాడు అమలాపురం డాక్టరు గొట్టం పెట్టి విని అదే చెప్పాడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని. ఆయాసం ఎన్నాళ్ళ నుంచీ అని అడిగితే, ఏడాదండి అన్నాను తల దించుకుని. బస్సులో సగం దారిలో ఈయన అడిగారు, మరి మోకాళ్ళూ, అని. అవీ నొప్పేనండి, అన్నాను. ఆ సందె వేళ కూడా నూనె గిన్నె తెచ్చుకుని కింది మెట్టు మీద కూర్చున్నారు.

అమ్మా, అంటున్నారు డాక్టరుగారు. బుడగ తలుపు దగ్గరికొచ్చింది. ఊదినప్పుడు కళ్ళు తిరిగినట్టు, గుండె జారినట్టు ఉంటుంది, నాలుగు క్షణాలే, భయపడకండి. సలోమి నా చెయ్యి తీసుకుంది. పెదాలు కదుపుతోంది, వాళ్ళ ప్రభువుని అడుగుతోంది. నేను అంతర్వేది స్వామిని అడిగాను. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వింటారు. ఊదుతున్నాం, అన్నారు. లోపల అన్నీ ఆగిపోయాయి. చెవుల్లో ఏడాదిగా మోగుతున్న హోరు ఆగిపోయింది. నీళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయినట్టు. నాకు మా ఆయన కాళ్ళ చెప్పులు గుర్తొచ్చాయి, ఎందుకో, వరండాలో బల్ల కింద ఒకటి బోర్లా పడి ఉంది, పొద్దున చూశాను, తిప్పి పెట్టమని చెప్పడం మర్చిపోయాను. అప్పుడు గుండె దబ్బున ఒకసారి కొట్టుకుని, తప్పి, మళ్ళీ అందుకుంది. ఇంకొక్కసారి, అన్నారు. మళ్ళీ ఆగింది. మళ్ళీ అందుకుంది. అందరూ తెర వంక చూస్తున్నారు. కురిడీ మీద కత్తి దెబ్బ పడ్డాక, చిప్ప రెండుగా విడిపోయే లోపల ఒక అరక్షణం ఉంటుంది. బంతి నిండుగా వస్తుందా, ముక్కలై వస్తుందా, ఆ అరక్షణం కొట్టేవాడికీ తెలీదు. చిరిగితే కోత. అప్పుడు నేను కాదనాలి. కాదంటే ఆయన వరండాలో ఆ బోర్లాపడ్డ చెప్పు వెతుక్కుంటూ ఒక్కరే. లేదు, అనను. కొయ్యనివ్వండి, ఎన్నిసార్లయినా కొయ్యనివ్వండి, సలోమీ, నేను పొద్దున అన్నమాట ఎవరికీ చెప్పకు. సలోమి చెయ్యి నొక్కేశానేమో, మెల్లగా పిన్నిగారూ అంది. డాక్టరుగారు ముసుగు కిందికి లాక్కున్నారు. అంచు వెంబడే విడిందమ్మా, చక్కగా విడింది. ఇంక కొయ్యక్కర్లేదు. ఊపిరి పీల్చాను. వెల్లకిలా, దిండు లేకుండా, కడుపు దాకా వెళ్ళింది ఊపిరి. ఇంత గాలి ఉందా లోకంలో అనిపించింది.

గది మార్చారు. కిటికీలోంచి ఎండ నా పాదాల మీద పడుతోంది. గొట్టం తీసిన చోట రక్తం రాకుండా తొడ మీద ఇసుక మూట పెట్టి, సాయంత్రం దాకా కుడి కాలు కదపకూడదంది సలోమి. ఆయన వచ్చారు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంచానికి ఎడమ పక్క స్టూలు మీద కూర్చుని, దుప్పటి మీద నుంచే ఎడమ మోకాలు నొక్కడం మొదలుపెట్టారు. ఇంక చెప్పకపోతే మనిషిని కాను.

"ఏవండీ, నా మోకాళ్ళు ఎప్పుడూ నొప్పి లేవండి."

"తెలుసు," అన్నారు చెయ్యి ఆపకుండా.

"ఎప్పట్నుంచీ?"

"మొదట్లో తెలీలేదు. తర్వాత తెలిసింది. నొప్పున్నోళ్ళు అలా కళ్ళు మూసుకుని నవ్వరు కదా. ఆయాసం సంగతి దాచేవని మాత్రం తెలీదే. అది తెలిస్తే ఎత్తుకుని తీసుకొచ్చేసేవోణ్ణి."

నాకు ఏడుపొచ్చింది. సలోమి చూడనట్టు మందుల సీసాలు సర్దుతోంది. ఆయన కొంచెంసేపు అటూ ఇటూ చూసి, సిస్టరు గారండీ, ఓసారి వినొచ్చాండి, అని అడిగారు. స్టెతస్కోపు ఇమ్మంటారా బాబాయిగారూ, అంది. అక్కర్లేదమ్మా, అన్నారు. సలోమి పక్కనున్న తెర ముందుకి లాగి తను అవతల నిలబడింది. ఆయన వంగి, నా ఎడమ పక్క, ఆ పాత కోత మచ్చ మీద చెవి ఆనించారు. తల బరువుగా, వెచ్చగా ఉంది. జుట్టుకి కర్పూరం వాసన. కళ్ళు మూసుకున్నారు. ఎంతసేపటికీ లేవరు. నేను నిండుగా ఒకసారి ఊపిరి పీల్చి వదిలాను, ఆయన తల దాంతో పాటే లేచి దిగింది.

"ఏమంటారు? నీళ్ళున్నాయా?"

"లేవు. బాగా ఎండింది."

"అయితే దింపేద్దామా మరి?"

ఆయన కళ్ళు తెరవలేదు. చెవి తియ్యలేదు. దుప్పటి అంచు పట్టుకున్న ఆయన చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది.

"తొందరేంటే," అన్నారు. "ఇంకా ఉంచుదాం."

ఈ ముప్పై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం నాకిదే మొదటిసారి.